గుమ్మం దగ్గర బూట్లు

మొన్న వేసవిలో మా మేనల్లుడు ఒక ఇంటర్వ్యూ కోసం యానాం నుంచి పుదుచ్చేరి వచ్చాడు. తోడుగా మా చెల్లెలు కూడా వచ్చింది. రాత్రంతా ప్రయాణం చేసినా పిల్లవాడు తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, అద్దం ముందు నిలబడ్డాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న బెల్టు, కొత్త బూట్లు. అరగంట సేపు అద్దాన్ని వదల్లేదు. తల దువ్వుకున్నాడు, చెరుపుకున్నాడు, మళ్ళీ దువ్వుకున్నాడు. చివరికి నా వైపు తిరిగి, "మావయ్యా, ఎలా ఉన్నాను?" అని అడిగాడు.

"బాగున్నావురా" అన్నాను.

"ఆఫీసులో పనిచేసేవాడిలా ఉన్నానా?"

ఆ రెండో ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈలోగా మా చెల్లెలు చీర మార్చుకుని, చేతిసంచీ పట్టుకుని వచ్చింది. "నేనూ గేటు దాకా వస్తానురా, బయట కూర్చుంటాను" అంది. పిల్లవాడు అద్దంలోకే చూస్తూ, "వద్దమ్మా, నువ్వు ఇంట్లోనే ఉండు. అక్కడ ఎవరైనా చూస్తే..." అని ఆగిపోయాడు. చెల్లెలు ఏమీ అనలేదు. సంచీ మళ్ళీ మేకుకి తగిలించింది.

ఆమె యానాంలో వీధులు ఊడ్చే పని చేస్తుంది. వాడి డిగ్రీ ఆ జీతం మీదే పూర్తయింది.

ఇలాంటి ఉదయాలు మన ఇళ్ళలో చాలా గడుస్తున్నాయి. మన పిల్లలు చదువుకుంటున్నారు, ఇంటర్వ్యూలకు వెళుతున్నారు. ఎలా కనబడాలి, ఎలా కూర్చోవాలి, ఎలా నవ్వాలి అని శిక్షణ ఇచ్చేవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఆ శిక్షణను నేను తప్పు పట్టను. కానీ వాళ్ళు చెప్పని ప్రశ్న ఒకటి ఉంది. ఉద్యోగం కోసం మనిషి తన రూపాన్ని ఎంతవరకు దిద్దుకోవచ్చు? ఏ చోట ఆ దిద్దుబాటు అబద్ధం అవుతుంది? "గుణం ఉంటే చాలు, బట్టలదేముంది" అని పెద్దలు అంటారు. "కనబడేదే అసలు, మిగతాది ఎవరు చూస్తారు" అని పిల్లలు అంటారు. ఈ రెండు మాటలూ సగం సగమే నిజమని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ముందు, నేను నలభై ఏళ్ళుగా ఉంటున్న ఈ ఊరి చరిత్రలోని ఒక బూట్ల జత గురించి చెప్పాలి.

ఒక న్యాయవాది బూట్లు

1873లో పాండిచ్చేరి ఫ్రెంచి వారి పాలనలో ఉంది. పొన్నుతంబి పిళ్లై అనే న్యాయవాది ఒకరోజు యూరోపియన్ పద్ధతి బూట్లు వేసుకుని కోర్టులోకి అడుగుపెట్టాడు. భారతీయులు అలాంటి బూట్లతో న్యాయస్థానంలోకి రావడం ఆనాటి మర్యాదకు విరుద్ధం. న్యాయమూర్తి దాన్ని ధిక్కారంగా భావించి శిక్ష వేశాడు. చదువు, వృత్తి, పలుకుబడి అన్నీ ఉన్న మనిషి. వాదించడానికి పనికొచ్చే నోరు ఉంది గానీ, బూట్లు వేసుకోవడానికి పనికొచ్చే కాళ్ళు లేవన్నమాట!

ఆయన ఊరుకోలేదు. వ్యవహారాన్ని పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా తీసుకువెళ్ళాడు. అక్కడ ఆ శిక్షను కొట్టేశారు. బూట్లు గుమ్మం దాటాయి.

కథ అక్కడితో ఆగలేదు. 1881లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చింది. కావాలనుకున్న భారతీయులు తమ కుల, మత ఆచారాల చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి రావచ్చు, కొత్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు. అలా వదులుకున్నవారిని 'రెనోన్సాలు' అన్నారు, అంటే పరిత్యజించినవారు. వీరిలో అట్టడుగు కులాల వారు, క్రైస్తవులు ఎక్కువ. పొన్నుతంబి ముందువరసలో నిలిచి 'లాపోర్త్' అనే పేరు పెట్టుకున్నాడు. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం గుమ్మం. నేటికీ పుదుచ్చేరిలో ఆ పేరుతో ఒక వీధి ఉంది.

ఈ కథలో మనం పట్టుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, బట్టలూ బూట్లూ ఎప్పుడూ ఉత్త బట్టలూ బూట్లూ కావు. ఎవరు ఏం వేసుకోవాలి, ఏ గుమ్మం ముందు ఏం విప్పాలి అన్నది అధికారం ఉన్నవాడే నిర్ణయించాడు. కాబట్టి "బట్టలదేముంది" అన్న మాట చరిత్ర తెలియని మాట. రెండోది, బూట్లు గుమ్మం దాటినంత మాత్రాన లోపలివాళ్ళు పక్కకు జరిగి చోటివ్వలేదు. 1884లో ఓటర్లను మూడు జాబితాలుగా విడదీశారు. యూరోపియన్లు ఒక జాబితా, రెనోన్సాలు ఒక జాబితా, మిగతా భారతీయులు ఒక జాబితా. పేరు మార్చుకున్నా, బూట్లు వేసుకున్నా, జాబితా మాత్రం వేరే.

చేతిలో చెప్పులు

మన ఊళ్ళలో ఈ సంగతి చెప్పడానికి చరిత్ర పుస్తకాలు అక్కర్లేదు. మా నాన్న చెప్పులు కుట్టేవాడు. తంగేడు చెక్కతో తోలు ఊనే లంద, ఆరె, రంపె, ఇవి మా ఇంటి ఆస్తి. పెద్ద రైతులు కిర్రు చెప్పులు కుట్టించుకుని, ఆ కిర్రుకిర్రు శబ్దం వీధంతా వినబడేలా నడిచేవారు. ఆ చెప్పులు కుట్టినవాడు అదే వీధిలోకి వచ్చినప్పుడు తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. మా తాత అలాగే నడిచాడు. మా నాన్న చిన్నతనంలో అలాగే నడిచాడు. లోకానికి చెప్పులు కుట్టి, తాను ఉత్తకాళ్ళతో నడిచిన జాతి మాది.

అందుకే బాబాసాహెబ్ బట్టల విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. 1927 డిసెంబరులో మహద్ సత్యాగ్రహ సందర్భంలో మహిళలను ఉద్దేశించి మాట్లాడినప్పుడు ఆయన చెప్పినవి ఎంతో మామూలు సంగతులు. చీర పై కులాల ఆడవాళ్ళు కట్టుకున్నట్టే కట్టుకోండి, కులాన్ని పట్టి చూపించే ఆ బరువైన నగలు తీసేయండి, బట్టకు అతుకులున్నా ఫరవాలేదు గానీ శుభ్రంగా ఉంచుకోండి అన్నారు. అది అలంకారం గురించి చెప్పిన మాట కాదు. ఒంటి మీద ముద్రలా మోయిస్తున్న కులాన్ని తీసి అవతల పెట్టమని చెప్పిన మాట.

పుదుచ్చేరి సముద్రతీరాన నడిచేవారికి గాంధీ విగ్రహం కనబడుతుంది. కొల్లాయిగుడ్డ, చేతికర్ర. అదే తీరాన మరికొంత దూరంలో అంబేడ్కర్ మణిమండపం ఉంది. మా కాలనీలో ఒక పెద్దాయన ఒకసారి నాతో, "చూడండి, ఆయన అన్నీ విడిచాడు, మీ ఆయన సూటు విడవలేదు" అన్నారు. నేను ఒక్కటే అడిగాను, "విడవడానికి ముందు ఉండాలి కదండీ?" 1921లో మదురైలో గాంధీ కొల్లాయిగుడ్డకు మారినప్పుడు దేశం దాన్ని త్యాగంగా చూసింది. అంతకు ముందు ఆయన బారిస్టరు సూటు వేసుకోగలిగినవాడు కాబట్టి అది త్యాగమైంది. మోకాళ్ళ కిందికి పంచె దిగకూడదని శాసించబడినవాడు అదే కొల్లాయిగుడ్డలో నిలబడితే దాన్ని త్యాగం అని ఎవరూ అనలేదు, అది వాడి అలవాటు అన్నారు. అందుకే ఆ నీలం సూటు మన ఊరి మొగల్లో విగ్రహమై నిలబడింది. మనకు అది ఆడంబరం కాదు, హక్కు పత్రం.

అయితే సూటుతో అన్నీ అయిపోతాయా? దానికీ బాబాసాహెబ్ జీవితమే జవాబు. 1917లో విదేశీ చదువులతో, విదేశీ దుస్తులతో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఆఫీసులో నౌకర్లు ఫైళ్ళు ఆయన బల్ల మీదికి దూరం నుంచి విసిరారు. ఊళ్ళో ఉండడానికి గది దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగవలసి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న పార్శీలు వచ్చి బయటికి గెంటారు. ఈ సంగతిని ఆయన దాచుకోలేదు. తానే రాసిపెట్టారు.

ఈ ఒక్క సంఘటన మన ప్రశ్నను చాలా కష్టం చేస్తుంది. మంచి బట్టలు వేసుకున్నవాడికీ అవమానం తప్పలేదు. తలదాచుకోవడానికి గొప్ప సత్యవాది సైతం వేరే పేరు వెనక దాగవలసి వచ్చింది. ఆ అబద్ధం ఎవరిది? గది అడిగినవాడిదా, గది ఇవ్వని ఊరిదా? ఎక్కువ పాలు ఊరిదే అని నేను అంటాను. తల మీద కర్ర ఎత్తి పెట్టి, "నిజం చెప్పు" అని శీలం బోధించే హక్కు ఎవరికీ లేదు.

ధమ్మం ఏమంటుంది

బుద్ధుడికి బాహ్యరూపం పట్టదని, ఆయన లోపలి సంగతులే చూశాడని చాలామంది అనుకుంటారు. వినయపిటకం చదివితే ఆ మాట నిలవదు. భిక్షువుల ప్రవర్తన గురించిన 75 సేఖియ నియమాల్లో మొట్టమొదటిది కింది వస్త్రాన్ని చుట్టూ సమంగా కట్టుకోవడం. రెండోది పై వస్త్రాన్ని సమంగా కప్పుకోవడం. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు ఎలా నడవాలి, ఎక్కడ చూడాలి, ఎలా కూర్చోవాలి అన్నవి ఆ తర్వాత వస్తాయి. చీవరం కూడా ఇష్టం వచ్చినట్టు కాదు, మగధ దేశపు వరిమళ్ళ గట్ల లాగా ముక్కలు కలిపి కుట్టించిన ఏర్పాటు అది. తనను తాను హింసించుకోవడానికి గుర్తుగా నగ్నంగా, మురికిగా తిరగడాన్ని ఆయన ఒప్పుకోలేదు.

రూపం పనిచేసిన సందర్భం కూడా ఉంది. రాజగృహంలో ఉపతిస్సుడు అనే యువకుడు సత్యం వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. భిక్షకు వెళుతున్న అస్సజి భిక్షువు కంటబడ్డాడు. ఆ నెమ్మది, ఆ నడక, ఆ చూపు అతన్ని ఆపేశాయి. భిక్ష పూర్తయ్యేదాకా వెనకే వెళ్ళి, ఆ తర్వాత మీ గురువు ఎవరని అడిగాడు. ఆ యువకుడే తర్వాత సారిపుత్తుడయ్యాడు. ముందు నడక చూశాడు, తర్వాత మాట విన్నాడు. ఇంటర్వ్యూ గదిలో మొదటి నిమిషం ముఖ్యమని చెప్పేవారు పూర్తిగా తప్పు చెప్పడం లేదు. అయితే అస్సజి ఆ నడకను ఎవరి కోసమో వేసుకోలేదు. లోపల ఉన్నదే బయటికి వచ్చింది.

దీనికి రెండో వైపు శ్రావస్తిలో జరిగింది. ప్రసేనజిత్తు మహారాజు బుద్ధుడి దగ్గర కూర్చుని ఉండగా కొందరు జటాధారులు, దిగంబరులు, పరివ్రాజకులు అటుగా వెళ్ళారు. రాజు లేచి, మోకాలు ఆనించి, మూడుసార్లు తన పేరు చెప్పి నమస్కరించి, వీళ్ళు అర్హంతులు కదా అన్నాడు. గృహస్థుడిగా ఉన్న నీకు అది తెలుసుకోవడం కష్టం అని బుద్ధుడు చెప్పాడు. కలిసి బతికితే శీలం తెలుస్తుంది, వ్యవహారంలో నిజాయితీ తెలుస్తుంది, ఆపదలో ధైర్యం తెలుస్తుంది, చర్చలో ప్రజ్ఞ తెలుస్తుంది. అదీ చాలాకాలం చూస్తేనే, అదీ శ్రద్ధగా చూసేవాడికే. అప్పుడు రాజు అసలు సంగతి ఒప్పుకున్నాడు. వాళ్ళు తన గూఢచారులే. పని ముగించుకుని వచ్చి స్నానాలు చేసి, గడ్డాలు గీయించుకుని, తెల్లబట్టలు కట్టుకునేవాళ్ళే.

ఈ సుత్తాన్ని ఉద్యోగం రాని ప్రతి పిల్లవాడికీ, పిల్లకీ చెప్పాలని నాకు అనిపిస్తుంది. పదిహేను నిమిషాలు చూసినవాడికి నీ శీలం తెలియదు, నీ ధైర్యం తెలియదు. అతను నిన్ను వద్దన్నాడంటే, ఆ పదిహేను నిమిషాల్లో కనబడినదాన్ని వద్దన్నాడు. అంతకు మించిన తీర్పు ఇవ్వడానికి అతని దగ్గర సరంజామా లేదు.

లకుంటక భద్దియ గురించీ చెప్పుకోవాలి. పొట్టిగా, వికారంగా ఉండే ఆ భిక్షువును తోటి భిక్షువులే చిన్నచూపు చూశారు. ఆయన ఎంతటి సాధకుడో బుద్ధుడు వాళ్ళందరి ముందూ చెప్పాడు. సంఘంలో కూడా రూపాన్ని బట్టి మనిషిని కొలిచే జబ్బు ఉండేదన్నమాట. దాన్ని దాచకుండా గ్రంథస్థం చేయడమే మన సంప్రదాయపు గొప్పతనం.

నా అబద్ధం

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

1984లో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి నాకు ఇంటర్వ్యూ వచ్చింది. బూట్లు కొనే స్తోమత లేదు. మా నాన్న జీవితంలో చెప్పులు తప్ప బూట్లు కుట్టలేదు. ఎవరో అధికారి బాగుచేయమని ఇచ్చిన పాత బూట్ల జతను విప్పి చూసి, కొలతలు గీసుకుని, ఇరవై రాత్రులు కూర్చుని నాకొక జత కుట్టాడు. అంతదూరం ఒక్కణ్ణే పంపలేక నాతో పాండిచ్చేరి వచ్చాడు. దుమ్ము అంటకుండా బూట్లను తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని, ఆఫీసు గేటు దగ్గర విప్పి, కింద కూర్చుని తన చేతులతో నా కాళ్ళకు తొడిగి లేసులు కట్టాడు. నేను చుట్టూ చూశాను, ఎవరైనా చూస్తున్నారేమోనని. తర్వాత, "నాన్నా, నువ్వు ఆ వీధి మలుపులో చెట్టు కింద ఉండు" అన్నాను.

లోపల ముగ్గురు కూర్చున్నారు. లెక్కలు అడిగారు, ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయించారు. నేను లేచి వస్తుంటే వారిలో ఒకాయన నా కాళ్ళ వైపు చూసి, "బూట్లు బాగున్నాయే, ఎక్కడ కొన్నావు?" అని అడిగాడు.

"మద్రాసులో సార్" అన్నాను.

బయటికి వచ్చాక నాన్న అడిగిన మొదటి మాట ఉద్యోగం గురించి కాదు. "బూట్లు కరిచాయా?" అన్నాడు.

"లేదు నాన్నా."

ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా చేశాను, పింఛను తీసుకుంటున్నాను. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. బూట్లు కరవలేదు గానీ, ఆ ఒక్క మాట ఇప్పటికీ కరుస్తూనే ఉంది. ఆ రోజు నా తల మీద ఎవరూ కర్ర ఎత్తలేదు. ఆ పెద్దమనిషి బహుశా మంచి పనితనం చూసి మెచ్చుకున్నాడేమో. "మా నాన్న కుట్టాడు సార్" అని ఉంటే ఉద్యోగం వచ్చేదో, పోయేదో ఈనాటికీ నాకు తెలియదు. పోయి ఉండేదేమో కూడా. అప్పుడు మా ఇంటి గతి ఏమయ్యేది? ఈ ప్రశ్నను నేను తప్పించుకోను. కానీ నా నోటి నుంచి ఆ మాట వచ్చింది ఉద్యోగం పోతుందన్న లెక్క వేసుకుని కాదు. సిగ్గుపడి వచ్చింది. ఆ బూట్లు నన్ను గుమ్మం దాటించాయి, నేను వాటిని కుట్టిన చేతులను గుమ్మం బయటే వదిలేశాను.

అద్దం దేనికి

బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసిన ఉపదేశాల్లో ఒకటి అంబలట్ఠికలో చేసింది. అది అబద్ధం గురించి. అశోకుడు భబ్రూ శాసనంలో అందరూ వినవలసిన ధమ్మ పాఠాల పేర్లు చెక్కించినప్పుడు, అబద్ధం గురించి రాహులుడికి చెప్పిన ఈ ఉపదేశాన్ని కూడా చేర్చాడు. అందులో తండ్రి కొడుకును, అద్దం దేనికి అని అడుగుతాడు. చూసుకోవడానికి అంటాడు కొడుకు. అయితే చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత నీ పనినీ, మాటనూ, ఆలోచననూ అలాగే చూసుకో అని చెబుతాడు తండ్రి. నాకో, ఎదుటివాడికో, ఇద్దరికో దీనివల్ల దుఃఖం కలుగుతుందా అని అడుగుకో అంటాడు.

ఆ అద్దాన్ని మన ప్రశ్న ముందు పెడితే కొన్ని విషయాలు స్పష్టంగా కనబడతాయి.

శుభ్రమైన బట్ట, కత్తిరించిన గోళ్ళు, చెమట వాసన లేని ఒళ్ళు, సమయానికి చేరడం, నిటారుగా కూర్చోవడం, ఎదుటివారి కళ్ళలోకి చూసి నెమ్మదిగా మాట్లాడడం. వీటివల్ల ఎవరికీ దుఃఖం లేదు. ఎదుటివారిపట్ల మర్యాద, తనపట్ల గౌరవం ఇందులో ఉన్నాయి. ఈ ఉక్కబోత ఊళ్ళో కోటు అక్కర్లేదు. ఇస్త్రీ చేసిన పత్తి చొక్కా చాలు. బూట్లు కొత్తవి కానక్కర్లేదు, తుడిచినవైతే చాలు. ఇది వేషం కాదు, శిక్షణ. సేఖియ నియమాలు నేర్పేది ఇదే.

అప్పు చేసి ఆర్భాటం చేయడం వేరు. దీఘజాణు అనే కోలియుడికి గృహస్థుల మేలు గురించి బుద్ధుడు నాలుగు సంగతులు చెప్పాడు. పనిలో నేర్పు, సంపాదించినదాని రక్షణ, మంచి స్నేహం, ఆదాయానికి తగిన బతుకు. ఇంకా రాని జీతాన్ని నమ్ముకుని వాయిదాల మీద ఖరీదైన ఫోను, గడియారం, సూటు కొనే పిల్లలు నాలుగోదాన్ని మొదటి రోజే పోగొట్టుకుంటున్నారు. ఆ డబ్బును మొదటిదానికి, అంటే పని నేర్చుకోవడానికి ఖర్చుపెట్టడం మేలు.

ఒంటిరంగు మీద సిగ్గు మరీ ప్రమాదం. దశాబ్దాల పాటు ఒక క్రీము పేరులోనే తెలుపూ అందమూ ఒకటేనని చెప్పారు. 2020లో దానికి 'గ్లో అండ్ లవ్లీ' అని పేరు మార్చారు. డబ్బా మీద పేరు మారింది గానీ, మన ఆడపిల్లల మనసులో దిగిన భయం మారలేదు. ముఖం కడుక్కోవడం శుభ్రత. ముఖాన్ని అసహ్యించుకోవడం తనపట్ల తాను చేసుకునే హింస.

ఇక అబద్ధం సంగతి. కులం అడిగే హక్కు ప్రైవేటు ఇంటర్వ్యూలో ఎవరికీ లేదు. దొడ్డిదారిన ఇంటిపేరు, ఊరు, పేట అడిగితే, "నా పనికి సంబంధించినవి అడగండి" అని మర్యాదగా అనవచ్చు. అంత ధైర్యం లేకపోతే మాట దాటవేయవచ్చు. చెప్పకపోవడం అబద్ధం కాదు. మౌనం మన రక్షణ. కానీ ఉన్నదాన్ని లేదనడం, చేయని పనిని చేశాననడం, తల్లిదండ్రుల వృత్తిని కాదనడం వేరే సంగతి. పంచశీలలోనూ, 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అబద్ధమాడనన్న మాట ఉంది. అది ఎవరినో సంతోషపెట్టడానికి పెట్టింది కాదు. అబద్ధం చెప్పినవాడు ఆ తర్వాత ప్రతిరోజూ దానికి కాపలా కాయాలి. నేను ముప్పై ఏళ్ళు కాశాను. ఆఫీసులో ఎవరైనా మా నాన్న గురించి అడిగితే మాట మార్చేవాణ్ణి. పెళ్ళికి పిలిస్తే ఆయన ఎక్కడ కూర్చుంటాడా అని బెంగపడేవాణ్ణి. అదీ దుఃఖం అంటే.

చివరగా, బల్లకు అవతలి వైపు కూర్చునే మనవాళ్ళకు ఒక మాట. ఇప్పుడు మనలోనూ అధికారులున్నారు, ఎంపిక చేసేవాళ్ళున్నారు. ఎదురుగా నలిగిన చొక్కాతో, తడబడే ఇంగ్లీషుతో ఒక కుర్రాడు కూర్చున్నప్పుడు శ్రావస్తిలో రాజుకు చెప్పిన మాట గుర్తుంచుకోండి. చొక్కా గురించి కాక చేయగలిగిన పని గురించి అడగండి. వీలైతే ఒక పని ఇచ్చి చూడండి. కలిసి పనిచేస్తే తెలిసేది చూపుతో తెలియదు. బూట్లు బాగున్నాయని మెచ్చుకోవాలనిపిస్తే, ఎక్కడ కొన్నావని కాక, ఎవరు కుట్టారని అడగండి. ఆ ఒక్క మాట తేడాతో ఒక కుర్రాడు నిజం చెప్పగలడు.

ఆ ఉదయం

సంచీ మేకుకి తగిలించి చెల్లెలు వంటింట్లోకి వెళ్ళింది. నేను మేనల్లుణ్ణి కూర్చోబెట్టి, నలభై ఏళ్ళలో ఎవరికీ చెప్పని ఆ బూట్ల కథ చెప్పాను. వాడు తాతను సరిగా ఎరగడు. అంతా విని ఏమీ మాట్లాడలేదు. నేనూ ఉపదేశం చేయలేదు. "నువ్వు అడిగావు కదా, ఆఫీసులో పనిచేసేవాడిలా ఉన్నానా అని. వీధులు ఊడ్చే మనిషి కొడుకులా ఉన్నావు, ఆఫీసులో పనిచేయగలిగినవాడిలా కూడా ఉన్నావు. రెండూ ఒకేసారి ఉండొచ్చురా" అన్నాను.

కాసేపటికి వంటింట్లోంచి వాడి గొంతు వినబడింది. "అమ్మా, లే. ఆలస్యమవుతుంది."

మధ్యాహ్నం ఇద్దరూ తిరిగి వచ్చారు. ఇంటర్వ్యూలో అమ్మానాన్నలు ఏం చేస్తారని అడిగారట. నాన్న లేడు, అమ్మ యానాంలో పారిశుద్ధ్య పని చేస్తుంది అని చెప్పాడట. వాళ్ళు తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళారట. ఆ తలూపడానికి అర్థం ఏమిటో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఈ వ్యాసం రాసేనాటికి ఫలితం రాలేదు. రాకపోతే మరోచోటికి వెళతాడు, అదే చొక్కా ఉతికి ఇస్త్రీ చేసుకుని.

చెల్లెలు మాత్రం ఆ రోజు రెండు మూడుసార్లు ఒకే మాట చెప్పింది. "గేటు దగ్గర నిలబడ్డానా, అక్కడి వాచ్‌మన్, మీ అబ్బాయా అమ్మా, కూర్చోండి అని కుర్చీ తెచ్చి వేశాడు అన్నయ్యా."